ఒక్కరోజు షికారు... ఇల్లాలికి కూడా!

సెలవులొస్తున్నాయంటే చాలు, ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "ఈసారైనా ఎక్కడికైనా వెళ్దాం!" పిల్లలు ఊటీ అంటారు. వాళ్ళ నాన్న తిరుపతి అంటారు. పెద్దవాళ్ళు కాశీ అంటారు. కాగితం తీసుకుని లెక్క వేస్తే అది ఎక్కడో మేడ మీద తేలుతుంది. రైల్లో రిజర్వేషన్ దొరకదు, ఆయనకి సెలవు దొరకదు. చివరికి "వచ్చే ఏడాది చూద్దాంలే" అన్న మాటతో ఆ ముచ్చట అటకెక్కుతుంది. మీ ఇంట్లోనూ ఇంతేనా? మా ఇంట్లో మాత్రం చాలా ఏళ్ళు ఇంతే.

దూరపు కొండలు నునుపు అన్నారు. పెరటి చెట్టు మందుకు పనికిరాదనీ అన్నారు. ఈ రెండు సామెతలూ మన షికార్లకి సరిగ్గా అతికినట్టు సరిపోతాయి. మేముండేది పల్నాడు జిల్లా నరసరావుపేటలో. ఇక్కడినుంచి కోటప్పకొండ పన్నెండు, పదమూడు కిలోమీటర్లే. రెడ్డిరాజులు రాజధానిగా చేసుకున్న కొండవీడు పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి తిరిగొచ్చేంత దూరం. అమరావతి, బాపట్ల దగ్గర సూర్యలంక సముద్రం, మాచర్ల దాటితే ఎత్తిపోతల జలపాతం, నాగార్జునసాగర్... అన్నీ తెల్లారి బయల్దేరితే రాత్రికి ఇంటికి చేరుకోగలిగినవే. వేరే రాష్ట్రాలవాళ్ళు రైళ్ళెక్కి వచ్చి చూసిపోతుంటే, మనం మాత్రం "ఆఁ, పక్కనేగా, ఎప్పుడైనా చూడొచ్చు" అనుకుంటాం. ఆ 'ఎప్పుడైనా' ఎప్పటికీ రాదు.

సరే, దగ్గరి చోట్లకే వెళ్దామని నేనూ మావారూ అనుకున్నాం. అక్కడితో కథ సుఖాంతం అయిందనుకుంటున్నారా? అసలు సంగతి అప్పుడే మొదలైంది.

మొదటిసారి అమరావతి వెళ్ళాం. మేం నలుగురం, మా ఆడపడుచు కుటుంబం నలుగురు, అత్తమ్మ... మొత్తం తొమ్మిదిమంది. నేను తెల్లవారుజామున మూడింటికి లేచాను. పులిహోర, దద్దోజనం, బంగాళాదుంప వేపుడు, గారెలు, పెద్దవాళ్ళకి విడిగా కారం లేని పప్పు. అన్నీ సర్ది కారెక్కేసరికి నాకు కళ్ళు మూసుకుపోతున్నాయి. అక్కడ దిగాక అందరూ అమరేశ్వరస్వామి దర్శనానికి వెళ్ళారు. మెట్ల దగ్గర సామాను కనిపెట్టుకుని నేనున్నాను. ఆ తర్వాత వాళ్ళు కృష్ణ ఒడ్డుకు వెళ్ళారు, నేను ఆకులేసి వడ్డించే పనిలో పడ్డాను. తిన్నాక వాళ్ళు స్తూపం, మ్యూజియం, 125 అడుగుల ధ్యానబుద్ధ విగ్రహం చూసొచ్చారు. నేను గిన్నెలు కడుక్కున్నాను. సాయంత్రం ఇంటికొచ్చాక అందరూ "అబ్బ, ఎంత హాయిగా గడిచిందో!" అన్నారు. నిజమే, వాళ్ళకి హాయిగానే గడిచింది. నేను చూసిన అమరావతి మాత్రం నాలుగు అరల క్యారియరే!

ఆ రాత్రి మా బాబు నన్నొక ప్రశ్న అడిగాడు. "అమ్మా, స్తూపం దగ్గర చెక్కిన రాళ్ళు కొన్నే ఉన్నాయేంటి? మిగతావి ఎక్కడున్నాయి?" అని. అమరావతి శిల్పాల్లో చాలావాటిని ఎప్పుడో చెన్నై మ్యూజియానికీ, లండన్ బ్రిటిష్ మ్యూజియానికీ పట్టుకెళ్ళిపోయారని నాకు తెలుసు. అదే వాడికి చెప్పాను. "మరి నువ్వు అక్కడే చెప్పొచ్చుగా?" అన్నాడు. నేను అక్కడ ఉంటేగా నాయనా చెప్పడానికి!

నా చెల్లెళ్ళూ, అక్కయ్యలూ, మీలో ఎంతమందికి ఇది అనుభవం లేదో చెప్పండి! ఇంటి వంటగది ఎత్తుకెళ్ళి నది ఒడ్డున పెట్టుకుంటే అది షికారెలా అవుతుంది? అందరికీ సెలవే, ఇల్లాలికి మాత్రం ఓవర్‌టైమ్. అలాగని వంట మానేసి అన్ని పూటలా హోటల్లో తినడానికి మనసొప్పదు, జేబూ ఒప్పదు. అందుకని ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడాను. కోపంగా కాదు, నవ్వుతూనే. "ఇకమీద షికారంటే నేనూ వస్తాను. వంటమనిషిగా కాదు, మనిషిగా వస్తాను" అన్నాను. మావారు మొదట "ఇప్పుడు నిన్నెవరొద్దన్నారు?" అన్నారు. "ఎవరూ అనలేదు. ఎవరూ రమ్మని కూడా అనలేదు" అన్నాను. ఆయన కాసేపు పేపరు వెనక్కి వెళ్ళిపోయి, తర్వాత "ఏం చెయ్యమంటావో చెప్పు" అన్నారు.

అప్పుడు పెట్టుకున్న పద్ధతులు ఇవి. మీకూ పనికొస్తాయేమో చూడండి.

ఇంటినుంచి రెండే రెండు వంటలు. ఒకటి పులిహోర, ఇంకోటి దద్దోజనం. పులుసు ముందురోజు సాయంత్రమే ఉడికించి పెట్టుకుంటాను. పొద్దున్నే అన్నం వండి, పళ్ళెంలో ఆరబోసి, నూనె, పసుపు వేసి, పూర్తిగా చల్లారాకే పులుసు కలపాలి. కొబ్బరి, ఉల్లిపాయ తగలనివ్వకూడదు. అలా చేస్తే రాత్రిదాకా పాడవదు. దద్దోజనానికి గ్లాసు బియ్యానికి మూడున్నర గ్లాసుల నీళ్ళు పోసి మెత్తగా వండాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడు రెండు గ్లాసుల కాచిన పాలు పోసి, ఒక్క గరిటె పెరుగు వేసి కలిపితే చాలు. దారిలో తోడుకుని మధ్యాహ్నానికి కమ్మగా ఉంటుంది. పొద్దున్నే పెరుగు మొత్తం కలిపేస్తే మధ్యాహ్నానికి పులిసిపోయి పిల్లలు ముట్టరు. నంజుకోవడానికి గోంగూర పచ్చడి, ఊరమిరపకాయలు. అంతే. ఉదయం టిఫిను దారిలో ఏ ఊళ్ళోనైనా వేడివేడి ఇడ్లీ తింటాం. రాత్రికి ఇంట్లో చారన్నం.

ఎవరి సంచీ వాళ్ళదే. మంచినీళ్ళ క్యాను, గ్లాసులు మా బాబు బాధ్యత. ఆకులు, పాత న్యూస్‌పేపర్లు, చెత్త వేసుకునే సంచీ మా అమ్మాయిది. అత్తమ్మ బీపీ మాత్రలు, మోకాళ్ళ నొప్పి మందు, మడత కుర్చీ మావారివి. వడ్డన వంతుల ప్రకారం. విస్తరాకులు గనక గిన్నెలు కడిగే పనే లేదు. మావారు మొదటిసారి వడ్డించినప్పుడు పులిహోరంతా ముగ్గురికే అయిపోయింది. నవ్వుకున్నాం. రెండోసారికి ఆయనకే లెక్క తెలిసింది.

సామాను కాపలా కూడా వంతులే. ఒకరు కూర్చుంటే మిగతావాళ్ళు చూసొచ్చి, వాళ్ళని పంపాలి. ఇది చిన్న సంగతిలా అనిపిస్తుంది గానీ, నేను కొండవీడు కొండమీద కోట గోడల మధ్య నిలబడి గాలి పీల్చుకున్నది ఈ ఒక్క పద్ధతి వల్లే.

ఇక ఏ కాలానికి ఏ చోటు అన్నది కూడా తెలిసుండాలి. వంటకి కూరగాయ లాంటిదే ఇదీ, కాలం చూసుకుంటేనే రుచి. ఏప్రిల్, మే నెలల్లో మా పల్నాడు వైపు షికారు పెట్టుకోకండి. రెంటచింతల ఎండలు రాష్ట్రమంతా ఎరిగినవే. ఆ రోజుల్లో సముద్రానికే వెళ్ళాలి. అదీ తెల్లారేసరికి సూర్యలంకలో ఉండి, ఎండెక్కేలోపు తిరుగుముఖం పట్టాలి. ఒక్కమాట, సముద్రంలో మోకాళ్ళు దాటి పిల్లల్ని దిగనివ్వకండి. చూడ్డానికి ప్రశాంతంగానే ఉంటుంది. లోపలికి లాగే అల ఎప్పుడొస్తుందో తెలీదు.

కార్తీకమాసం వనభోజనాలకి కోటప్పకొండ బాగుంటుంది. శివరాత్రి తిరునాళ్ళకి ఆకాశాన్నంటే ప్రభలు కట్టుకుని ఊళ్ళకి ఊళ్ళే కదిలొస్తాయి. చూడాల్సిన సంబరమే, కానీ ముసలివాళ్ళతో, పసివాళ్ళతో ఆ జనంలో కష్టం. వాళ్ళతో అయితే మామూలు రోజు వెళ్తే ఘాట్ రోడ్డున పైదాకా కారు వెళ్తుంది, త్రికోటేశ్వరుణ్ణి కళ్ళారా చూడొచ్చు. చలికాలంలో గుంటూరు పక్కన ఉప్పలపాడు వెళ్ళండి. ఊరి చెరువులో చెట్లనిండా పక్షులే. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు పిల్లలకి తిండి పెట్టుకోవడం చూస్తుంటే టైమే తెలీదు. చలికాలమే కొండవీడుకీ మంచిది. ఇక వానాకాలం ఆఖరున, కృష్ణకి వరదొచ్చినప్పుడు, సాగర్. దాని సంగతే మీకు చెప్పాలనుకుంది.

మా అత్తమ్మది మాచర్ల వైపు పల్లె. ఎక్కడికి వెళ్దామన్నా "ఎందుకులేమ్మా నాకు, మీరు పోయిరండి. ఇల్లు నేను చూసుకుంటా" అనేది. పెద్దవాళ్ళంతా అనే మాటే కదా, పట్టించుకోం. ఒకరోజు టీవీ వార్తల్లో సాగర్ గేట్లు ఎత్తడం చూపిస్తున్నారు. ఆవిడ చిక్కుళ్ళు ఒలుస్తూ, తలెత్తకుండానే "ఆ గోడకి నేను మాలు మోసినా" అంది.

మేమందరం ఆవిడ వైపు తిరిగాం. పెళ్ళై ఇన్నేళ్ళలో నాకెప్పుడూ చెప్పలేదు. కన్నకొడుకు, మావారికి కూడా తెలీదు! అడిగితే మెల్లగా చెప్పింది. ఆవిడకి పదమూడు, పద్నాలుగేళ్ళ వయసులో వానలు లేక చేలు ఎండిపోతే, అమ్మానాన్నలతో సాగర్ పనికి వెళ్ళింది. గుడిసెల్లో ఉండేవాళ్ళు. కర్రలతో కట్టిన పరంజా మీద మగవాళ్ళు రాళ్ళు మోసేవాళ్ళు, ఆడవాళ్ళు తట్టల్లో సిమెంటు మాలు అందించేవాళ్ళు. ఎండకి బండలు కాలిపోతుంటే కాళ్ళకి గుడ్డపేలికలు చుట్టుకునేదట. రెండేళ్ళు చేసింది. పదహారో ఏట పెళ్ళి చేసి ఇటు పంపేశారు.

మా బాబు సోషల్ పుస్తకంలో సాగర్ గురించి చదివాడు. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీగారు కాలవలకి నీళ్ళు వదిలారు, కాంక్రీటుతో కాకుండా రాతితో కట్టిన పెద్ద ఆనకట్టల్లో అదొకటి, ఎత్తు 124 మీటర్లు... అన్నీ నోటికొచ్చు. ఆ రాళ్ళ మధ్య మాలు మోసిన మనిషి రోజూ తనకి అన్నం కలిపి పెడుతోందని మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు.

"మళ్ళీ ఎప్పుడైనా చూశావా నాయనమ్మా?" అని అడిగాడు.

"లేదురా. నేనొచ్చేసేటప్పటికి గోడ సగమే లేచింది. నీళ్ళేడియ్? అంతా దుమ్మే" అంది.

ఆలోచించండి. కుడికాలవ నీళ్ళు మా రెండెకరాల చేలోకి వచ్చాయి. ఆ నీళ్ళతో పండిన వడ్లు దంచి, వండి, పిల్లల్ని పెంచి, మనవళ్ళని కూడా ఎత్తుకుంది. ఆ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, తను మోసిన గోడ చివరికి ఎలా అయిందో అరవై ఏళ్ళలో ఒక్కసారీ చూళ్ళేదు. ఉన్నది వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలోనే! ఎవరూ తీసుకెళ్ళనన్లేదు. ఆవిడా అడగలేదు. ఆడవాళ్ళ కోరికలు సగం ఇలాగే పోతాయి, వద్దన్నవాళ్ళుండరు, అడిగినవాళ్ళూ ఉండరు.

 2023లో వానలు సరిగా లేక సాగర్ నిండలేదు. డాక్టరుగారేమో అత్తమ్మ మోకాళ్ళు చూసి ఆపరేషన్ అన్నారు, ఆవిడ ససేమిరా అంది. నడక రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇంకో ఏడాదికి అంతసేపు కార్లో కూర్చోగలదో లేదోనని నాకు ఒకటే బెంగ. 2024 ఆగస్టులో ఎగువనుంచి వరదొచ్చి, సాగర్ నిండి, గేట్లు ఎత్తారని వినగానే ఇక ఆగలేదు. ఆదివారం అయితే జనం విరగబడతారు. మావారు లెక్కలు రాసే నూలు మిల్లుకి మంగళవారం సెలవు. పిల్లలు ఒక్కరోజు కాలేజీ మానారు. చదువు ఎక్కడికీ పోదు, వరద పోతుంది.

తెల్లవారుజామున బయల్దేరాం. ముందు సీటు అత్తమ్మకే ఇచ్చాం. కాళ్ళు చాపుకోవడానికి వీలుంటుంది, దారీ కనబడుతుంది. పిడుగురాళ్ళ మీదుగా, పల్నాటి వీరుల గుళ్ళున్న కారంపూడి దాటి, మాచర్లలో టిఫిను తిన్నాం. పుట్టింటి వైపు దారి కదా, ఆవిడకి ప్రతి ఊరూ ఒక చుట్టమే. "ఇక్కడ మా మేనత్త ఉండేది", "ఈ వాగులో మా ఎద్దు పడింది" అని చెబుతూనే ఉంది. అంత మాట్లాడగా నేనెప్పుడూ చూళ్ళేదు.

డ్యాము మీదికి మామూలు జనాన్ని పోనివ్వరు. దిగువనున్న వంతెన మీదనుంచి చూడాలి. పోలీసులు బండి అక్కడ ఆపనివ్వలేదు. మావారు మమ్మల్ని దింపి దూరంగా కారు పెట్టి వచ్చారు. మడత కుర్చీ ఎంత అక్కరకొచ్చిందో ఆ రోజు తెలిసింది. నాలుగడుగులు వేసి కూర్చోవడం, మళ్ళీ నాలుగడుగులు. గేట్ల దగ్గర్నుంచి లేచిన తుంపర వంతెన దాకా వచ్చి మొహం మీద పడుతోంది. పక్కవాళ్ళ మాట వినబడనంత హోరు.

అత్తమ్మ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఎన్ని గేట్లురా?" అంది. "ఇరవై ఆరు నాయనమ్మా!" అని మా బాబు చెవిలో అరిచాడు. ఆవిడ వేలు పెట్టి ఒక్కోటీ లెక్కపెట్టింది. మధ్యలో తప్పితే మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. లెక్క సరిపోయాక నావైపు తిరిగి, "బాగానే నిలబడింది కదా అమ్మాయ్" అంది. అంతే. కళ్ళనీళ్ళు లేవు, పెద్ద మాటలు లేవు. పనిచేసిన మనిషి తన పని చూసుకున్నట్టు చూసుకుంది. నాకే గొంతు పట్టేసింది.

అక్కణ్ణుంచి అనుపు వెళ్ళాం. జలాశయంలో మునిగిపోయే లోయలో తవ్వితే బయటపడ్డ ఇక్ష్వాకుల కాలంనాటి కట్టడాల్ని కొన్నిటిని అక్కడికి తరలించి మళ్ళీ కట్టారు. మెట్లుమెట్లుగా ఉన్న పాత రంగస్థలం నీడలోనే మా పులిహోర భోజనం. దీవిలో ఉన్న నాగార్జునకొండ మ్యూజియానికి లాంచీలో వెళ్ళాలి. అత్తమ్మతో అది కుదరదని వదిలేశాం. మీరు వెళ్ళేటట్టయితే శుక్రవారం మ్యూజియానికి సెలవని గుర్తుంచుకోండి, గాలి, వరద చూసి లాంచీ తిప్పుతారు గనక ముందే కనుక్కోండి. తిరుగుదారిలో ఎత్తిపోతల. చంద్రవంక వాగు 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. పైనుంచే చూడొచ్చు గనక పెద్దవాళ్ళకీ ఇబ్బంది లేదు. కింద గుండంలో మొసళ్ళుంటాయి, కాబట్టి దిగే ఆలోచనే వద్దు.

ఆ రోజు మొత్తానికి కారు బాడుగ, టిఫినూ, టీలూ, టిక్కెట్లూ అన్నీ కలిపి మాకైంది ఐదున్నర వేలు. అదీ ఎక్కువనుకుంటే బస్సుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. ఆధార్ కార్డు దగ్గరుంచుకుంటే చాలు. నలుగురు ఆడవాళ్ళు కలిసి మధ్యాహ్నానికి తిరిగొచ్చేలా ఒక ఊరు చూసి రావడానికి ఇంతకంటే వెసులుబాటు ఏం కావాలి?

ఇంకొక్క మాట. మనం చెప్పుకోవడానికి మొహమాటపడేది. ఎక్కడికి వెళ్ళినా ఆడవాళ్ళకి బాత్‌రూమ్ ఎక్కడుందో ముందే కనుక్కోండి. దారిలో పెట్రోలు బంకులు, బస్టాండులు చూసి పెట్టుకోండి. అది భయపడి పొద్దుటినుంచి నీళ్ళు తాగకుండా కూర్చునే ఆడవాళ్ళని ఎంతమందినో చూశాను. దాహంతో తలనొప్పి తెచ్చుకుంటే ఇక షికారేమిటి? ఆగాల్సిన చోటు ఆగమని నోరు తెరిచి అడగండి. బండి ఆపడం పెద్ద పనేం కాదు.

సాగర్ వెళ్ళొచ్చాక మా అత్తమ్మ కారంపూడిలోని చెల్లెలికి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది. "ఎందుకులేమ్మా నాకు" అన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో వినబడలేదు. "కార్తీకానికి ఎక్కడికే?" అని ఆవిడే ముందడుగుతోంది. మోకాళ్ళు అలాగే ఉన్నాయి. కుర్చీ మావారి చేతిలో ఉంది.

మీరు కూడా ఈ వారం ఒక పని చేయండి. సాయంత్రం తీరిక చూసుకుని మీ అత్తగారినో, అమ్మగారినో, పక్కింటి బామ్మగారినో అడగండి. "మీరు చూడాలనుకుని చూడని చోటు, మనకి దగ్గర్లో ఏదైనా ఉందా?" అని. మొదట ఏమీ లేదంటారు. ఇంకోసారి అడగండి. చెప్పాక ఇంట్లో కేలండర్ మీద ఒక తేదీకి చుట్టూ గుండ్రంగా గీసి పెట్టండి. ఇక ఆ రోజు వంట ఎవరిదంటారా? రెండు వంటలే, అందరూ కలిసి!